ఏ బాస్ చేతిలో ఓడాలి?

‘గిట్ గుడ్’ అనేది సలహా కాదు. యాక్షన్ గేములో ఒక బాస్ దగ్గర ఇరుక్కుపోయి, ఏం చేయాలన్నా అని అడిగినవాడి మొహాన వేసే తలుపు అది. మన తెలుగు గేమర్ల గ్రూపుల్లో దానికి రెండు అనువాదాలు వినిపిస్తాయి. ఒకటి, “ఇంకో వందసార్లు ఆడు, అదే వస్తుంది.” రెండోది, “నీ వల్ల కాదులే, క్యాండీ క్రష్ ఆడుకో.” మొదటిది ధైర్యం చెప్పినట్టు, రెండోది వెక్కిరించినట్టు ఉంటాయి గానీ రెండింటి వెనకా ఉన్న నమ్మకం ఒకటే. కొట్లాడే శక్తి మనిషిలో ముందే ఉంటుంది, ఉన్నవాడికి ఎప్పటికైనా బయటికొస్తుంది, లేనివాడికి రాదు.

ఈ నమ్మకం పచ్చి అబద్ధం. ఏ బాస్ చేతిలో, ఏ వరుసలో, దేనికోసం ఓడుతున్నామన్న దాంట్లోనే చాలా వరకూ విషయమంతా ఉంది. దాన్ని ఎంచుకోవచ్చు. ఎంచుకోవాలని మనకెవరూ చెప్పరు, అంతే. (గేములు ఆడనివాళ్ళ కోసం: బాస్ అంటే దారికి అడ్డంగా నిలబడే పెద్ద శత్రువు. వాణ్ణి దాటితే గానీ కథ ముందుకు పోదు.)

పుట్టుకతో వచ్చే కత్తి అనే ఈ ఆలోచన మా కర్నూలు, కడప వాళ్ళకు బాగా తెలుసు. సమరసింహారెడ్డి (1999) వచ్చినప్పటి నుంచి తెలుగు సినిమా మా నెత్తిన రుద్దుతున్నది అదే. హీరోకి కత్తి రక్తంలో వస్తుంది. ఎప్పుడు నేర్చుకున్నాడు, ఎవరి దగ్గర, ఎన్నిసార్లు చెయ్యి తెగింది, ఏ రీలులోనూ ఉండదు. ఒక్కడు (2003)లో కొండారెడ్డి బురుజు దగ్గర విలన్‌ని కొట్టినవాడు కనీసం కబడ్డీ ఆటగాడు, అదొక్కటే నయం. ఇప్పటికీ హైదరాబాదు ఆఫీసులో నా చేతిలో కంట్రోలర్ చూస్తే చాలు, “సీమోడివి, నీకు కత్తి తిప్పడం ఒకరు నేర్పాలా” అని ఎవడో ఒకడు అంటాడు. నవ్వేసి ఊరుకుంటాను గానీ, ఆ జోకూ, ‘గిట్ గుడ్’ అనే మాటా ఒక తల్లి పిల్లలే.

ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ కంపెనీ 2019 మార్చిలో విడుదల చేసిన సెకిరో ఈ రక్త సిద్ధాంతానికి నాకు తెలిసిన అతి గట్టి జవాబు. ఆట మొదట్లోనే గెనిచిరో అనేవాడు హీరో చెయ్యి నరికేస్తాడు. అక్కణ్ణుంచి హీరోది నేర్చుకునే బతుకే. చిన్న శత్రువుల్ని నరుక్కుంటూ ప్రాణబలం, కత్తిబలం పెంచుకునే వీలు అందులో దాదాపు లేదు. కాబట్టి పెరగాల్సింది ఆడేవాడే. అలా పెరగడానికి ఆటే ఒక మనిషిని పెట్టింది: పాడుబడిన గుడి దగ్గర నిలబడి ఉండే హన్‌బే. చావు లేనివాడు. నువ్వు ఎన్నిసార్లు పొడిచినా లేచి నిలబడి, డిఫ్లెక్ట్ ఎలా చేయాలో, పొడుపు మీదికి ఎలా అడుగేయాలో చూపిస్తాడు. హన్‌బే దగ్గర వేళ్ళు తయారవుతాయి. భయం మాత్రం తయారవదు, ఎందుకంటే అతని చేతిలో నీకు పోయేదేమీ లేదు.

భయం కోసం గెనిచిరో ఉన్నాడు. చెయ్యి నరికినవాడే అషినా కోట పైన మళ్ళీ ఎదురవుతాడు. నా దృష్టిలో యాక్షన్ గేములన్నిటిలో ఇంతకంటే మంచి సాధన బాస్ లేడు, ఆ కారణాలు కాస్త వివరంగా చెప్పుకోవాలి. అతనికి దూరంగా పారిపోతే విల్లు తీస్తాడు, మందు తాగబోతే బాణం వేస్తాడు. అంటే పారిపోవడమనే పాత అలవాటుకు అక్కడ చోటు లేదు. దగ్గరగా నిలబడి కత్తికి కత్తి సమయానికి అడ్డం పెడితేనే అతని నిలకడ సడలుతుంది. కంగారుపడి బటన్‌ని టకటకా నొక్కేవాడికి ఆ సమయం ఇంకా ఇరుకైపోతుంది, ఆటని అలాగే కట్టారు. గాల్లోకి ఎగిరి కత్తి దించాక అతను పొడవవచ్చు, కాళ్ళ కింద కత్తి తిప్పవచ్చు. రెండింటికీ ముందు మెరిసే ఎర్ర అక్షరం ఒకటే. పొడుపుకి ఎదురెళ్ళాలి, తిప్పుడికి ఎగరాలి. అక్షరాన్ని చూస్తే చస్తావు, భుజాన్ని చూస్తే బతుకుతావు.

ఇంతకీ అసలు సంగతి ఏమంటే, గెనిచిరో చేతిలో చచ్చిన ప్రతిసారీ ఎందుకు చచ్చావో ఒక్క వాక్యంలో చెప్పగలవు. “పొడుపుని తిప్పుడు అనుకున్నా.” “మందుకి ఆశపడ్డా.” “తొందరపడి నొక్కినా.” నేను సాధనకి బాస్‌ని ఎంచే పద్ధతి ఇదొక్కటే. చచ్చిన కారణం ఒక వాక్యంలో పట్టాలి. మా ఉద్యోగంలో దీన్నే యూనిట్ టెస్ట్ అంటాం. ఒక కారణంతో మాత్రమే ఫెయిలయ్యే టెస్టు పనికొచ్చే టెస్టు. పదిహేను కారణాల్లో ఏదో ఒకటి అని చెప్పే టెస్టు ఎర్రలైటు తప్ప ఏమీ కాదు.

ఇప్పుడు ఎల్డెన్ రింగ్ (2022)లో మలేనియా సంగతి చూడండి. ఆమె కత్తి నీకు తగిలిన ప్రతిసారీ ఆమె ప్రాణం పెరుగుతుంది. వాటర్‌ఫౌల్ డాన్స్ అనే ఆ వరస దెబ్బల తుఫాను ఆ ఆటలో ఇంకెక్కడా అలా రాదు. అక్కడ చచ్చిన కుర్రాణ్ణి ఎందుకు చచ్చావురా అంటే, మా కడప పిల్లలు చెప్పే జవాబే చెబుతాడు: “యాడన్నా, వాళ్ళు కొట్టేది కనపడనే కనపడదు.” ఆమె మీద నెలరోజులు కూర్చుంటే నేర్చుకునేది మలేనియానే, కత్తి కాదు. పాత ప్రశ్నపత్రం బట్టీపట్టినవాడికి ఆ ప్రశ్నపత్రమే వస్తుంది. అదే ఆటలో మొదట్లోనే స్టార్మ్‌హిల్‌లో ఒక క్రూసిబుల్ నైట్ బందీగా ఉంటాడు. ఆర్భాటం లేదు, ఇద్దరే, చిన్న మైదానం. డాలుతో పారీ కొట్టడం నేర్చుకోవాలంటే అతని దగ్గరికి పోవాలి. అతని పేరు చెప్పుకుని ఎవడూ మీసం మెలేయలేడు కాబట్టి ఆ సలహా తక్కువ వినిపిస్తుంది.

మా కర్నూలు జిల్లా దేవరగట్టులో దసరా రాత్రి మాళ మల్లేశ్వరస్వామి ఉత్సవ విగ్రహాల కోసం ఊళ్ళకి ఊళ్ళు కర్రలతో దిగుతాయి. తలలు పగులుతాయి. పోలీసులు, వైద్యశిబిరాలు ఏటా మామూలే. అది భక్తా, హింసా అనే చర్చ ఇక్కడ వద్దు. ఒక్కటి మాత్రం ఖాయం, దేవరగట్టుకి కర్ర నేర్చుకోవడానికి ఎవడూ పోడు. దివిటీల వెలుతురులో, ఆ తోపులాటలో, ఎటువైపు నుంచి ఎవడి కర్ర వస్తుందో తెలియని చోట నేర్చుకోవడానికి ఏముంటుంది? చివరి బాస్ దేవరగట్టు. అక్కడికి పోయి నేర్చుకో అనేవాడు గురువు కాదు.

సాహిత్యం చదివేవాళ్ళకి ఇంకా దగ్గరి ఉదాహరణ మా సీమలోనే ఉంది. దుర్భాక రాజశేఖర శతావధాని, గడియారం వేంకట శేషశాస్త్రి తిరిగిన ప్రొద్దుటూరు అవధానాల ఊరు. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు. నిషిద్ధాక్షరి పదసంపదని పరీక్షిస్తుంది, సమస్య యుక్తిని, ఘంటాగణనం చెవిని. అప్రస్తుత ప్రసంగి ఉన్నది ధ్యాస చెడగొట్టడానికే, అచ్చం ఎల్డెన్ రింగ్‌లో కర్ర ఎత్తి, కొట్టకుండా అరక్షణం ఆగి, నువ్వు తప్పుకున్నాక కొట్టే మార్గిట్ లాగా. మొదటిరోజే ఎనిమిదిమందినీ చుట్టూ కూర్చోబెట్టుకుని అవధాని అయినవాడు ఎవడూ లేడు. ముందు ధార. ఆ తర్వాత ఒక్కొక్క అంశం. సభ చివర్లో. అయినా సభలో అవధానిని చూసి మనం సరస్వతీ కటాక్షం అంటాం. పాపం, ఆయన సాధన చేసిన ఏళ్ళన్నీ సరస్వతి ఖాతాలోకి పోతాయి.

దీనికి వచ్చే ఎదురువాదన నాకు తెలుసు. “నేను చివరి బాస్ మీదే రెండొందలసార్లు ఆడి నేర్చుకున్నా, ఏం తక్కువైంది?” నీకేం తక్కువ కాలేదు నాయనా. నూటయాభయ్యోసారి కంట్రోలర్ పక్కన పడేసి పోయినవాళ్ళు వచ్చి ఇక్కడ మాట్లాడరు, అంతే తేడా. ఇంటర్‌లో చేరిన మొదటివారంలోనే ఐఐటీ లెక్కలు మొహాన కొట్టి, మిగిలిన నలుగురి ఫొటోలు ఫ్లెక్సీల మీద వేసే కాలేజీల లెక్క కూడా ఇదే. ఆ ఫ్లెక్సీ మీద లేనివాడు తనకి బుర్ర లేదనుకునే బతుకుతాడు. అతనికి లేనిది వరుస.

2019లో సెకిరో వచ్చిన కొత్తలో ఇంగ్లిష్ విమర్శకులు ఈజీ మోడ్ ఉండాలా వద్దా అని వారాల తరబడి కొట్టుకున్నారు. వికలాంగులకూ, సమయం లేనివాళ్ళకూ అది కావాలన్న వాదన న్యాయమైనదే, నాకు ఒప్పుదలే. కానీ ఆ గోలంతా అంకెల మీద నడిచింది. దెబ్బ ఎంత తగలాలి, ప్రాణం ఎంత ఉండాలి. ఎవరి దగ్గర ముందు నేర్చుకోవాలన్న ప్రశ్న ఇరుపక్షాలకీ పట్టలేదు. ఆటలు కట్టేవాళ్ళకి మాత్రం పట్టింది. హాలో నైట్ (2017)లో మాంటిస్ లార్డ్స్ చూడండి. ముందు ఒక్కరే దిగుతారు. అడ్డంగా దూకడం, పైనుంచి పొడవడం, తిరిగొచ్చే ఆయుధం విసరడం, అంతే. ఆ ఒక్కరూ ఓడాక మిగతా ఇద్దరూ కలిసి దిగుతారు, కొత్త దెబ్బ ఒక్కటీ లేకుండా, అవే దెబ్బలతో. ఏ పాఠ్యపుస్తకమూ ఇంత మర్యాదగా రెండో పాఠం చెప్పలేదు. 2018లో అదే ఆటకి హాల్ ఆఫ్ గాడ్స్ చేర్చి, ఓడించిన బాస్‌తో మళ్ళీ తలపడే వీలిచ్చారు. 2020 అక్టోబరులో సెకిరోకీ అలాంటిదే వచ్చింది.

“ఇది ఆటనా, పరీక్షనా, ఇంత సాధన ఎందుకు” అనేవాళ్ళూ ఉంటారు. వాళ్ళతో నాకు పేచీ లేదు. సాయంత్రం రెండు గంటలు సరదాగా ఆడుకుని పడుకోవడం మంచి పనే. నా పేచీ అంతా, నేర్చుకోవాలని ఉన్నవాణ్ణి గోడకి తల కొట్టుకోమని పంపి, నెత్తురొస్తే వాడి తలని తప్పుపట్టేవాళ్ళతో.

సెకిరో చివర్లో ఇష్షిన్ దగ్గర ఆగిపోయినవాళ్ళు గమనించాల్సింది ఒకటుంది. ఆ పోరాటం మొదలయ్యేది ఇష్షిన్‌తో కాదు, గెనిచిరోతో. నల్లకత్తి పట్టుకుని మళ్ళీ వస్తాడు. కోట మీద చెప్పిన పాఠం నీకు వచ్చిందో లేదో ఆట అక్కడ అడుగుతుంది. అతని దగ్గరే సగం ప్రాణం పోతుంటే ఇష్షిన్ ఈటె ఎలా తిప్పుతాడో వీడియోలు చూసి లాభం లేదు. విగ్రహం దగ్గర కూర్చుని, పాత బాస్‌ల జాబితాలో కోట మీది గెనిచిరోని ఎంచుకోండి. మందుసీసా ముట్టుకోవద్దు. గెలుపు సంగతి వదిలేయండి. అతను పది పొడుపులు పొడిస్తే ఎన్నిటికి ఎదురెళ్ళారో అది మాత్రం లెక్కపెట్టుకోండి.