దిగుబడి ఎవరికి? దిగులు ఎవరికి?

జన్యుమార్పిడి విత్తనాల మీద పాతికేళ్లుగా నడుస్తున్న తగాదాలో రెండు జట్లున్నాయి. కావాలనే జట్టు రైతు పేరు చెబుతుంది. వద్దనే జట్టూ రైతు పేరే చెబుతుంది. కూలోళ్ల పేరు ఎవరూ ఎత్తరు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలోని సాగు విస్తీర్ణంలో ఎస్సీల చేతిలో ఉన్నది 9 శాతం లోపే. మరి మాలమాదిగ వాడల్లో బతుకుతున్న మేం పొలంలో లేమా? ఉన్నాం. నడుం వంచి ఉన్నాం గనక కనబడటం లేదు.

పత్తి సంగతే చూడండి. 2002 మార్చిలో కేంద్రం బీటీ పత్తికి అనుమతిచ్చింది. మట్టిలో బతికే ఒక బాక్టీరియా జన్యువును పత్తి మొక్కలో పెట్టారు. కాయతొలిచే పురుగు ఆ మొక్కను తింటే చస్తుంది. మొదటి ఏడాదే వరంగల్ రైతులు దెబ్బతిన్నారు. 2005లో మన రాష్ట్రంలో ఆ తొలి మూడు మహికో రకాలకు అనుమతి పొడిగించలేదు. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ధర మీద కొట్లాడి 450 గ్రాముల ప్యాకెట్టును 750 రూపాయలకు దించింది. మంచి పని. కానీ ఆ ప్యాకెట్టులోని గింజను తయారుచేసే పిల్ల కూలి కోసం ఏ ప్రభుత్వమైనా అంత పట్టుగా కొట్లాడిందా?

గింజ తయారయ్యేది ఎక్కడో చాలామందికి తెలియదు. జన్యువును ప్రయోగశాలలో ఒక్కసారి పెడితే సరిపోయింది. హైబ్రిడ్ విత్తనాన్ని మాత్రం ఏటా చేత్తోనే చెయ్యాలి. గద్వాల, అయిజ, నంద్యాల వైపు సీడు పత్తి చేలకు పోయి చూడండి. రేపు విచ్చుకోబోయే మొగ్గను సాయంత్రం వెతికి పట్టుకోవాలి. గోటితో రేకులు, కేసరాలు ఒలిచెయ్యాలి. లోపలి కాడ విరగకూడదు. మర్నాడు పొద్దున మగపువ్వు తెచ్చి పుప్పొడి రుద్దాలి. ఇట్లా ఒక్కో పువ్వుకూ, చేను చేనంతా, రోజూ, రెండు మూడు నెలలు. దీన్ని క్రాసింగు అంటారు. దీనికి ఆడపిల్లల చిన్నవేళ్లే బాగుంటాయని చెబుతారు. చిన్నవేళ్లకు చిన్నకూలి ఇస్తే చాలు, అది మాత్రం చెప్పరు. వానాకాలానికి ముందే తల్లిదండ్రులకు అడ్వాన్సు ముట్టచెప్పి పిల్లను రాయించుకుంటారు. ఆ పిల్లల్లో ఎక్కువమంది ఎస్సీ, బీసీ ఇళ్ల వాళ్లేనని 1990ల చివరి నుంచీ పరిశోధకులు రాస్తూనే ఉన్నారు. మా పంతుళ్లకు పరిశోధన అక్కర్లేదు, ఆగస్టు, సెప్టెంబరు హాజరుపట్టీ చాలు. మంచినీళ్ల బిందె ముట్టుకుంటే మైలపడే ఊళ్లో ఆ చెయ్యి పువ్వును ముడితే మైల లేదు!

మేం సైన్సుకు శత్రువులం కాము. అది కూడా గట్టిగా చెప్పాలి. బీటీ వచ్చిన తొలి ఏళ్లలో పత్తికి మందులు కొట్టడం తగ్గింది. డబ్బా వీపున మోసే మా మగవాళ్ల ఊపిరికి ఆ మేరకు తెరిపి దొరికింది. తర్వాత గులాబీ రంగు పురుగు ఆ విషానికి అలవాటు పడింది, మళ్లీ డబ్బాలు ఎత్తారు. 2017లో మహారాష్ట్ర యవత్మాల్‌లో పత్తికి మందు కొడుతూ విషం ఎక్కి 20 మందికి పైగా చచ్చిపోయారు. వాళ్లలో కూలీలు ఎందరో.

ఇప్పుడు ఇంకొకటి వచ్చింది. కలుపుమందు కొట్టినా చావని పత్తి. ప్రభుత్వం దానికి అనుమతి ఇవ్వనే లేదు, అయినా దొంగచాటుగా ఊళ్లలోకి దిగింది. ఆసామికి లాభమే. నాలుగు రోజులు పదిమంది ఆడవాళ్లను పెట్టి కలుపు తీయించే బదులు ఒక్కడు ఒక్కపూటలో మందు కొట్టేస్తాడు. ఆ పదిమంది పొయ్యిలో పిల్లి లేవదు. సుప్రీంకోర్టు వేసిన నిపుణుల కమిటీ 2013లో ఈ రకం పంటలు మన దేశానికి తగవని చెబుతూ పల్లెల్లో ఉపాధి సంగతి ఎత్తింది. ఆ ఒక్కసారి మా అమ్మలక్కల కలుపు కూలి ఢిల్లీ కాగితాలకు ఎక్కింది. తర్వాత కలుపుమందును తట్టుకునే జన్యువున్న ఆవాలకే 2022లో కేంద్రం పచ్చజెండా ఊపింది. 2024 జులైలో సుప్రీంకోర్టు జడ్జిలిద్దరూ దానిమీద చెరో తీర్పు ఇచ్చారు.

వద్దనే జట్టులోని పెద్దలకూ ఒక మాట. దేశీ విత్తనం, పాత వ్యవసాయం, పచ్చని పల్లె అని పాడకండి. ఆ పచ్చని పల్లెలో మాకు దక్కింది పాలేరుతనం, వెట్టి, ఊరి బయట గుడిసె. పల్లెను నెత్తిన పెట్టుకోవద్దని అంబేడ్కర్ 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలోనే చెప్పాడు. జహీరాబాద్ దళిత మహిళల సంఘాలు జొన్న, సజ్జ, కంది విత్తనాలు దాచి ఇచ్చిపుచ్చుకుంటున్నాయంటే కాళ్లకింద తమదంటూ కాస్త నేల ఉండబట్టే. నేల లేనివాడు విత్తనం దాచి ఎక్కడ చల్లుతాడు, చూరులోనా?

2025 మేలో కమల అనే వరి ప్రకటించారు. బాపట్ల సాంబమసూరినే హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంస్థ జన్యువు సవరించి చేసింది. కంకికి గింజలు పెరుగుతాయట, దిగుబడి 19 శాతం ఎక్కువట, దాదాపు 20 రోజుల ముందే కోతకు వస్తుందట. రానీండి. బయటి జన్యువు చేర్చని ఇలాంటి పంటలకు జన్యుమార్పిడి పంటల పరీక్షలు అక్కర్లేదని కేంద్రం 2022లోనే మినహాయించింది. ఆ 19 శాతంలో నాటేవాళ్ల కూలి ఎంత పెరుగుతుందో లెక్క ఏ కాగితంలో ఉంది? సన్నాలు నాటిన చేతులకు ఏళ్ల తరబడి రేషన్లో దొడ్డుబియ్యమే పోశారు. తెలంగాణలో సన్నబియ్యం మొదలైంది 2025 ఉగాదికి.

కొత్త విత్తనానికి అనుమతిచ్చే ముందు ఎలుకల మీద, తేనెటీగల మీద, మట్టి మీద పరీక్ష చేస్తారు. ఎన్ని కూలి రోజులు పోతాయో, అవి ఎవరివో కూడా లెక్క కట్టి తెలుగులో అచ్చేసి గ్రామసభలో చదవాలి. విత్తన కంపెనీ ఆర్గనైజర్ మీదికి, ఆర్గనైజర్ రైతు మీదికి నెట్టే ఆట ఆపాలి. క్రాసింగులో పిల్ల కనబడితే కంపెనీ మీదే కేసు పెట్టాలి, పెద్దవాళ్లకే కనీస వేతనంతో ఆ పని ఇవ్వాలి. ఈ సీజనులో మీ ఊరి సీడు చేలల్లో బడి మానిన ఆడపిల్లలు ఎందరున్నారో, రోజుకూలి ఎంతో, అడ్వాన్సు ఎంతో కనుక్కోండి. పిల్లల పేర్లు వద్దు, ఊరు పేరు, లెక్క చాలు. వచ్చే సంచిక లోపు మాకు రాసి పంపండి.