పండగ లేదు, పబ్బం లేదు... కడపకెందుకు?

మా టీములో ఒకబ్బాయి ఆన్‌సైటు మీద జర్మనీలో ఉన్నాడు. గుంటూరు వైపు కుర్రాడు. వచ్చే నవంబరులో నాలుగు రోజులు పోర్చుగల్‌లోని పోర్టోకి వెళ్ళాలని నెలన్నరగా ఒక ఎక్సెల్ షీటు నింపుతున్నాడు. డౌరో నది ఒడ్డున ఉన్న ఊరది. నవంబరే ఎందుకయ్యా అంటే, అప్పుడక్కడ ఆఫ్ సీజనట. వానలు పడతాయి కాబట్టి జనం తక్కువ, విమానం టికెట్టూ హోటలు గదీ చవక. వాన పడితే ఎక్కడ దూరాలి, తెరిపిస్తే నది ఒడ్డున ఏ వీధిలో నడవాలి, 1886లో కట్టిన ఇనుప వంతెన మీదికి ఏ పూట ఎక్కాలి... అన్నిటికీ ఒక్కో కాలమ్. మా ప్రాజెక్టు ప్లానుకి కూడా ఇంత శ్రద్ధ పెట్టలేదు మహానుభావుడు.

ఒకరోజు కాల్ అయిపోయాక అడిగాడు, "అన్నా, మరి మీ కడపకి ఎప్పుడొస్తే బాగుంటుంది?" అని.

"డిసెంబరు, జనవరిలో రా. ఎండలుండవు" అన్నాను టక్కున.

అనేశాక నాకే సిగ్గేసింది. నేను పుట్టి పెరిగింది కడపలో. ఉద్యోగం బెంగుళూరులో, పదిహేనేళ్ళుగా. ఈ పదిహేనేళ్ళలో ఊరికి వెళ్ళిందంతా సంక్రాంతికో, దసరాకో, ఎవరిదో పెళ్ళికో. ప్రైవేటు బస్సువాడు అడిగినంతా ఇచ్చుకుని, తెల్లవారుజామున దిగి, రెండు రోజులు చుట్టాలిళ్ళు చుట్టబెట్టి, ఆదివారం రాత్రి మళ్ళీ అదే బస్సు. ఊరికి ఎనిమిది కిలోమీటర్ల దూరంలో పారే పెన్నలో నీళ్ళెప్పుడుంటాయో అడిగితే చెప్పలేను. పోర్టోలో నవంబరు వాతావరణం గురించి మాత్రం ఆ అబ్బాయి పుణ్యమా అని బాగానే చెప్పగలను!

అందుకే ఈ టపా. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఐరోపా ఊళ్ళకి వేసుకుంటున్న ఆఫ్ సీజన్ ప్లాను ఏదో, మన ఊరికీ ఒకసారి వేసి చూడండి. నాలుగు రోజుల లీవు, ఒక షీటు, కాస్త శ్రద్ధ. అంతే.

నాకిది బుద్ధి వచ్చి తెలిసింది కాదు. నిరుడు సెప్టెంబరులో మా రిలీజు రెండు వారాలు వెనక్కి జరిగింది. లీవు వాడకపోతే పోతుందన్నారు. బస్సులో సగం సీట్లు ఖాళీ. మదనపల్లె, రాయచోటి దాటి, ఘాటు రోడ్డు దగ్గర గువ్వలచెరువులో పాలకోవా పొట్లం కట్టించుకుని ఇంటికి చేరాను. గేటు తీస్తూ మా నాయన అడిగిన మొదటి మాట:

"ఏం రా, పండగ లేదు పబ్బం లేదు, ఇప్పుడొచ్చినావే? ఉజ్జోగమేమన్నా పోయిందా?"

"లేదు నాయనా, ఊరికే వచ్చినా."

"ఊరికే ఎవురన్నా వస్తారా?"

టీవీలో లేఆఫుల వార్తలు చూసీ చూసీ ఆయనకి అదే భయం. మర్నాడు నేను ల్యాపుటాపు తెరిచి ఒక మీటింగులో మాట్లాడితే గానీ ఆయన ముఖం తేటపడలేదు. నవ్వుకున్నాను గానీ లోపల ఎక్కడో గుచ్చుకుంది. పని లేకుండా కొడుకు ఇంటికొస్తాడని ఆ పెద్దాయన అనుకోలేకపోతున్నాడంటే, ఆ లెక్క నేర్పింది నేనే కదా.

సరే, అసలు విషయానికొద్దాం. కడపకి ఆఫ్ సీజన్ అంటే ఎప్పుడు? ఇక్కడే పోర్టో పాఠం చక్కగా పనికొస్తుంది. చవకగా ఉంది కదా అని ఏ నెల పడితే ఆ నెల వెళ్ళకూడదు. ఎందుకు చవకో తెలుసుకుని వెళ్ళాలి.

ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారం దాకా వద్దు. అది ఆఫ్ సీజన్ కాదు, శిక్ష. నలభై దాటిన ఎండలో కోట బండల మీద కాలు పెట్టలేరు. మీ వంటింట్లో గట్టు మీద పరిచిన నల్ల బండ ఈ నేల నుంచి వచ్చిందే కావచ్చు. అది ఎండకి ఎంత కాలుతుందో ఇక్కడికొస్తే తెలుస్తుంది.

అక్టోబరు సగం నుంచి డిసెంబరు సగం దాకా చాలామంది చల్లగా ఉంటుందని బయలుదేరతారు. ఇది మాత్రం జాగ్రత్తగా వినండి. మాకు ఈశాన్య రుతుపవనాల వానలు పడేది అప్పుడే. బంగాళాఖాతంలో తుపాను పుడితే మా వాగులు ఒక్క రాత్రిలో రూపం మార్చేస్తాయి. 2020 నవంబరులో నివర్ తుపానుకి ఊరి మధ్యలో పారే బుగ్గవంక పొంగి కడప వీధుల్లోకి వచ్చింది. మరుసటి ఏడు, 2021 నవంబరు 19న, రాజంపేట దగ్గర చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. పులపత్తూరు, మందపల్లి లాంటి ఊళ్ళు దెబ్బతిన్నాయి, ఎందరో చనిపోయారు. పోర్టోలో వాన అంటే గొడుగు. ఇక్కడ ఆ నెలల్లో వాన అంటే ఒక్కోసారి ప్రాణం. ఆ రోజుల్లో వస్తే వాతావరణ శాఖ హెచ్చరికలు చూసుకుని రండి. నీళ్ళు పారుతున్న కల్వర్టు మీదుగా కారు పోనిచ్చే ధైర్యం ఎవరూ చెయ్యొద్దు.

డిసెంబరు చివరి నుంచి సంక్రాంతి దాకా అందరి సీజను. గండికోటలో వరసగా డేరాలు, స్పీకర్లు, ఫొటో కోసం లోయ అంచున క్యూ. నేను చెప్పేదేమీ లేదు.

మిగిలింది ఆగస్టు, సెప్టెంబరు. నా ఓటు దానికే. ముఖ్యంగా వినాయక చవితి అయ్యాక, దసరా సెలవులు మొదలవకముందు దొరికే రోజులు. మబ్బు పడుతుంది, మధ్యమధ్య జల్లు, మధ్యాహ్నం ఉక్కపోత ఉంటుంది గానీ సాయంత్రాలు హాయి. గుట్టలు పచ్చగా ఉంటాయి. కడప అంటే ఎర్ర దుమ్ము, సుమోలు, బాంబులు అని సినిమాల్లో చూసినవాళ్ళు ఆ పచ్చదనం నమ్మరు.

నీళ్ళ సంగతి ఇంకా తమాషా. గండికోట దగ్గర కనిపించేదంతా పెన్న నీళ్ళే అనుకునేవాణ్ణి. కాదు. పెన్న కర్ణాటకలో నందికొండల దగ్గర పుట్టి, దాదాపు ఆరువందల కిలోమీటర్లు నడిచి నెల్లూరు జిల్లాలో సముద్రంలో కలుస్తుంది. డౌరో కూడా స్పెయిన్‌లో పుట్టి పోర్చుగల్‌కి వస్తుంది లెండి, పక్కవాడి నుంచి వచ్చే నది అన్న పోలిక బాగానే కుదిరింది. అయితే మా పెన్నకి సొంత నీళ్ళు తక్కువ. జూలై, ఆగస్టుల్లో ఎక్కడో మహారాష్ట్ర, కర్ణాటకల్లో వానలు పడి కృష్ణ పొంగి శ్రీశైలం నిండితే, పోతిరెడ్డిపాడు దగ్గర తూములు ఎత్తుతారు. అక్కడి నుంచి బనకచర్ల, గోరకల్లు, అవుకు దాటి గాలేరు నగరి కాలువలో గండికోట ప్రాజెక్టుకి చేరతాయి. అక్కడి నుంచి కిందికి వదిలితే లోయ గుండా మైలవరానికి. మన భాషలో చెప్పాలంటే సర్వరు ఎక్కడో ఉంది, మనం చూస్తున్నది క్యాషు. కాబట్టి ట్రిప్పు ప్లాను చేసేటప్పుడు కడప వాతావరణం చూస్తే చాలదు, శ్రీశైలం నీటిమట్టం కూడా చూడండి. రోజూ పేపర్లో వేస్తారు.

ఇంకో మాట కూడా చెప్పాలి. గండికోట ప్రాజెక్టు సామర్థ్యం 26.85 టీఎంసీలు. దాన్ని నిండుగా నింపడం కోసం 2020లో తాళ్ళప్రొద్దుటూరు లాంటి ఊళ్ళని ఖాళీ చేయించారు. తరతరాల ఇళ్ళు వదిలి జనం వెళ్ళిపోయారు. ఆ నీళ్ళ అందాన్ని చూసి ఫొటో తీసుకునేటప్పుడు ఆ సంగతి ఒకసారి గుర్తుంటే మంచిది.

ఇక ప్లాను. మూడు రోజులు చాలు.

మొదటి రోజు ఊళ్ళోనే. పొద్దున కారం దోసె. ఎర్రకారం పూసి, పైన పప్పుల పొడి చల్లి ఇచ్చేది. తర్వాత దేవుని కడప. తిరుమలకి గడప కాబట్టి కడప అయ్యిందంటారు. ఉగాది రోజు ముస్లింలు కూడా ఈ గుడికి వచ్చి వెంకటేశ్వర స్వామిని దర్శించుకుంటారు, బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడబిడ్డ అని. అదే ఊళ్ళో పెద్ద దర్గాకి హిందువులూ అంతే ఇదిగా వెళ్తారు. మధ్యాహ్నం బ్రౌను గ్రంథాలయం. 1820లలో ఇక్కడ పనిచేసిన సి.పి. బ్రౌన్ ఒక బంగళా కొని, పండితులని పెట్టి తాళపత్రాల నుంచి తెలుగు కావ్యాలని రాయించిన చోటు. ఆ స్థలంలో గ్రంథాలయం రావడం వెనక జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారి పట్టుదల ఉంది. కీబోర్డు మీద తెలుగు కొట్టి మురిసిపోయే మనలాంటి వాళ్ళం ఒక్కసారైనా వెళ్ళాల్సిన చోటు. పండగ రోజుల్లో వెళ్తే సెలవని తలుపులు మూసి ఉండొచ్చు. నాకు ఇన్నేళ్ళూ కుదరనిది అందుకే!

రెండో రోజు సిద్ధవటం, ఒంటిమిట్ట. రెండూ కడపకి పాతిక కిలోమీటర్ల లోపే. సిద్ధవటం కోట సరిగ్గా పెన్న ఒడ్డునే ఉంది. మట్లి రాజులు ఏలిన చోటు. కంపెనీ రోజుల్లో 1808 నుంచి 1812 దాకా జిల్లా కేంద్రం కూడా. నది ఒడ్డు నగరం చూడాలనుకుంటే మా జిల్లాలో ఇదే. కాకపోతే నగరం వెళ్ళిపోయి కోట మిగిలింది. ఒంటిమిట్ట కోదండరాముడి గుళ్ళో ఆ మండప స్తంభాలు చూడ్డానికి మామూలు రోజయితే గంటసేపు ఒక్కళ్ళే కూర్చోవచ్చు. శ్రీరామనవమికి వెళ్తే వెనకవాళ్ళు తోస్తుంటే నడవడమే.

మూడో రోజు పొద్దున పెన్న ఒడ్డున పుష్పగిరి, అక్కడి నుంచి గండికోట. రాత్రి పర్యాటక శాఖ హరిత హోటల్లో ఉండండి. గోల్కొండ తరఫున మీర్ జుమ్లా ఈ కోట పట్టుకున్నాక, 1652లో టావెర్నియే అనే ఫ్రెంచి నగల వ్యాపారి అతన్ని వెతుక్కుంటూ ఇక్కడిదాకా వచ్చాడు. కోటలో మాధవరాయ స్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం తీరిగ్గా చూసి, పొద్దుగూకే వేళకి లోయ అంచుకి చేరండి. అంచున కంచె ఉంటుందనుకోకండి. సెల్ఫీలు వెనక్కి జరిగి తీసుకోండి.

"అన్నీ బాగానే చెప్పావు, సౌకర్యాలో?" అంటారు. నిజమే. పోర్టోతో పోలిస్తే సున్నా. దారి చూపే బోర్డులు తక్కువ, శుభ్రమైన మరుగుదొడ్డి కోసం వెతుక్కోవాలి, గండికోటకి బస్సులు నమ్ముకుంటే కష్టం, జమ్మలమడుగు నుంచి ఆటోనో కారో మాట్లాడుకోవాలి. ఆడవాళ్ళు, ముసలివాళ్ళు ఉంటే కారే నయం. కానీ అందరం డిసెంబరు చివరి వారంలోనే ఎగబడితే, అక్కడ హోటలు పెట్టినవాడికి వారం వ్యాపారం, మిగతా ఏడాదంతా ఈగలు. ఏడాది పొడుగునా నాలుగు గిరాకీలు ఉంటేనే కదా ఎవడైనా మంచి హోటలు పెట్టేది, నలుగురు కుర్రాళ్ళకి గైడు పని దొరికేది? అప్పటిదాకా వాళ్ళు కూడా మనలాగే బెంగుళూరు బస్సెక్కాల్సిందే.

నిరుడు ఆ సెప్టెంబరులో సిద్ధవటానికి మా నాయనని కూడా తీసుకెళ్ళాను. కోట గోడ పక్కన కూర్చుంటే కింద ఇసుకలో రెండు పాయలుగా నీళ్ళు పారుతున్నాయి. చిన్నప్పుడు ఎండాకాలంలో ఈ ఇసుకలో చెలమ తవ్వితే మూరెడు లోతులో నీళ్ళు ఊరేవట. వాళ్ళమ్మ ఆ నీళ్ళు కుండలో పోసుకుని నడిచేదట. ఏ వరదలో ఎవరి ఎడ్లు కొట్టుకుపోయాయో, ఎవరిని తాడేసి లాగారో అన్నీ చెప్పుకొచ్చాడు. నాకు తెలిసి ఆయన నాతో రెండు గంటలు ఏకబిగిన మాట్లాడటం అదే మొదటిసారి. మాట్లాడటం రాక కాదు. నేను ఇంటికెళ్ళినప్పుడల్లా ఇంటినిండా పదిహేను మంది చుట్టాలు. ఆయన కుర్చీలు సర్దుతూ, పాలు తెస్తూ ఉండేవాడు.

పండగలకి వెళ్ళొద్దని నేననను. అమ్మ చేసే భక్ష్యాలకి ఏ ప్లానూ సాటిరాదు. కానీ పండగకి మనం వెళ్ళేది పండగ కోసం. ఊరి కోసం, ఊళ్ళో మనుషుల కోసం వేరే ఒక లీవు పెట్టాలి. మీది కర్నూలయితే తుంగభద్ర, రాజమండ్రి అయితే గోదావరి. ఏ ఊరి సీజను ఏదో ఆ ఊరి నది చెబుతుంది, కాస్త కనుక్కోండి.

మా జర్మనీ తమ్ముడికి ఇదంతా రాసి పంపాను. షీటులో కడప అని కొత్త ట్యాబు తెరిచానన్నాడు. చూద్దాం.

అన్నట్టు ఒక చిన్న చిట్కా. బయలుదేరే ముందు ఇంటికి ఫోన్ చేసి, ఉద్యోగం పోలేదని చెప్పి మరీ వెళ్ళండి!