టికెట్టు సరే, తీరిక మాటేమిటి?

నంద్యాల నుంచి మహానందికి వెళ్ళే పల్లెవెలుగు బస్సులో ఆడవాళ్ళిప్పుడు డబ్బు కట్టనక్కర్లేదు. 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పథకం మొదలైంది. ఛార్జీల కోసం ఇంట్లో చెయ్యి చాచే అవసరం తప్పడం చిన్న విషయం కాదు. ‘ఉచితమని ఊరికే తిరుగుతున్నార’నే ఎగతాళీ దాంతోపాటే వచ్చింది. తిరిగితే తప్పేమిటి?

మన ఇళ్ళలో ఆడవాళ్ళ విహారానికి మొక్కు అనే పేరు పెట్టాల్సిందే. కోనేటి తేటనీళ్ళలో కాసేపు సేదదీరాలనుందంటే పంపరు. దేవుడి పేరు చెబితే పంపుతారు. అదీ తెల్లవారుజామునే లేచి చిత్రాన్నం కలిపి, పిల్లల్నీ అత్తమామల్నీ వెంటబెట్టుకుంటేనే. అంటే వంటిల్లు కూడా మనతోపాటే బస్సెక్కుతుందన్నమాట.

2024 కాలవినియోగ సర్వే ప్రకారం, మన దేశంలో ఇంటిపని చేసేవాళ్ళనే లెక్కలోకి తీసుకున్నా, జీతంలేని ఆ పనికి స్త్రీలు రోజుకు 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఈ తేడా తగ్గనంతకాలం ఉచిత ప్రయాణం సగం హక్కే.

ప్రభుత్వాన్ని బస్టాండుల్లో శుభ్రమైన మరుగుదొడ్లూ, పొద్దుపోయాక ఊరు చేర్చే బస్సులూ అడుగుదాం. ఇంట్లో మాత్రం ఆ పూట వంట ఎవరు చేస్తారో అడుగుదాం. మొక్కు సాకు లేకుండా వెళ్ళిరాగలిగిన నాడే ప్రయాణం మనదవుతుంది.