సంతకం తాడు కాదు బాబూ!

మన కాలేజీల్లో భద్రత అంటే ఒక కాగితం. "నాకేమైనా అయితే బాధ్యత నాదే, కళాశాలకు ఏ సంబంధమూ లేదు" అని ఉంటుంది. కింద మన సంతకం, పక్కన నాన్నగారి సంతకం (అది కూడా మనమే పెట్టేస్తాం, వేరే సంగతి :)). టూరుకీ అదే. విద్యార్థుల అడ్వెంచర్ క్లబ్బుకి ఇండోర్ క్లైంబింగ్ గోడ ఉంటే దానికీ అదే. అలాంటి ఒక గోడ దగ్గర నేను చూశాను. ఫారం మూడు పేజీలు, ముడి చూసినవాడు ఒక్కడు లేడు. మా జహీరాబాద్ లాంటి ఊరి నుండి వెళ్ళిన కుర్రాడు జీవితంలో మొదటిసారి హార్నెస్ చూసేది అక్కడే కదా. వాడికి పెన్ను ఇచ్చి తాడు సంగతి వదిలేస్తే ఎలా?

పోనీ ఆ కాగితం కాలేజీనైనా కాపాడుతుందా అంటే, అదీ గ్యారంటీ లేదు. 2014 జూన్ 8న హిమాచల్ లో లార్జి డ్యామ్ నీళ్ళు వదిలితే బియాస్ నదిలో మన వీఎన్ఆర్ విజ్ఞానజ్యోతి కాలేజీ పిల్లలు 24 మంది కొట్టుకుపోయారు. పాపం పిల్లల తప్పేం లేదు. 2016లో అక్కడి హైకోర్టు పరిహారం ఇమ్మన్నప్పుడు విద్యుత్ బోర్డుతో పాటు కాలేజీకీ వాటా వేసింది.

సరిగ్గా దానికి రెండు వారాల ముందు, మే 25న, మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ ఎక్కారు. పూర్ణకి అప్పటికి పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. వాళ్ళు ఓనమాలు దిద్దుకున్నది మన భువనగిరి గుట్ట మీదే. శేఖర్ బాబు లాంటి కోచ్ దగ్గరుండి నేర్పించాడు. సాంఘిక సంక్షేమ గురుకులాల వాళ్ళు చేయగలిగిన పని లక్షల ఫీజులు తీసుకునే కాలేజీ చేయలేదా?

"నాకు బాగా వచ్చు, నాకెందుకు చెకింగు" అనే సీనియర్లకి ఒక మాట. లిన్ హిల్ అని ప్రపంచంలో పేరుమోసిన క్లైంబర్. 1989లో ఫ్రాన్స్ లో ముడి వేస్తూ వేస్తూ బూట్ల కోసం మధ్యలో ఆపింది. తర్వాత మర్చిపోయి ఎక్కేసింది. 20 మీటర్లకు పైగా కిందపడింది, చెట్టు కొమ్మలు అడ్డుపడి బతికింది. ఆవిడకే తప్పలేదు, మనమెంత?

మేం ఆఫీసులో రెండు లైన్ల కోడ్ మార్చినా ఇంకొకడు చూడందే ప్రొడక్షన్ కి పోదు. సర్వర్ పడిపోతే లేపుకోవచ్చు. మనిషి పడితే?

ఇంతకీ కావలసింది ఏమంత కష్టం కాదు. ఎక్కే ముందు ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవాలి: నడుం బెల్టు బకిల్, ఫిగర్ ఎయిట్ ముడి, బిలే పరికరంలో తాడు, కారాబినర్ లాక్. చూడటమే కాదు, చేత్తో లాగి చూడాలి. కింద తాడు పట్టుకున్నవాడు బ్రేక్ చెయ్యి వదలకూడదు, ఫోన్ జేబులోంచి తియ్యకూడదు. తాడు లేని చిన్న గోడైతే పరుపుల మీద ఎవరూ కూర్చోకూడదు. పడేటప్పుడు మోకాళ్ళు వంచి వెనక్కి దొర్లాలి, చెయ్యి ఆనించబోతే మణికట్టు పోతుంది. ఉంగరాలు ముందే తీసెయ్యాలి. ప్రతి తాడు ఎప్పుడు కొన్నారో పుస్తకంలో ఉండాలి. ఇవన్నీ చేసి చూపించినవాడికే గోడ, మిగతావాళ్ళకి ముందు క్లాసు.

ఇది చదివి ప్రిన్సిపాల్ గారు "ఈ గొడవెందుకు, తాళం వేసెయ్యండి" అంటారని తెలుసు. తాళం వేస్తే కుర్రాళ్ళు మానేస్తారా? ఆదివారం పూట ఏ గుట్టకో పోతారు. అక్కడ పరుపు ఉండదు, తాడూ ఉండదు. తాళం, సంతకం రెండూ ఒకటే, "మాకు సంబంధం లేదు" అని చెప్పడానికి రెండు పద్ధతులు.

సంబంధం ఉంది సార్. ఫారం ఉంటే ఉండనివ్వండి, దాని కింద ఇంకో గడి పెట్టండి: "ఇతని ముడి నేను చూశాను". ఆ సంతకం క్లబ్బు వాళ్ళు పెట్టాలి. ఏమంటారు?