ఫార్మసీలో కొత్తగా చేరినవారికి నాలుగు మాటలు

మొన్న చిన్ననాటి మిత్రుడొకడు ఫోను చేశాడు. వాళ్ళమ్మాయి బి.ఫార్మసీ మొదటి సంవత్సరంలో చేరిందట. "డాక్టరు సీటు రాలేదు, ఏదో ఒకటని ఇందులో చేర్పించాం. నువ్వు ఆ చదువు చదివినవాడివి కదా, దానికి నాలుగు మంచి మాటలు చెప్పు" అన్నాడు. ఆ 'ఏదో ఒకటి' అన్న మాట నాకు చివుక్కుమనిపించింది. నేను చేరిన రోజుల్లో మా నాన్నగారు కూడా బంధువులకు ఇంచుమించు ఇదే సమాధానం చెప్పేవారు. అమ్మాయితో ఫోనులో పది నిమిషాలు మాట్లాడాను గానీ, చెప్పవలసింది చాలా మిగిలిపోయింది. ఆ మిగిలినదే ఈ టపా.

ఈ చదువుకు సలహా అడిగితే సాధారణంగా ఏం చెబుతారో మీకు తెలిసిందే. తరగతులు మానకు, రికార్డులు ఎప్పటికప్పుడు రాసుకో, పాత ప్రశ్నపత్రాలు తిరగెయ్యి. ఇందులో ఏదీ తప్పు కాదు. ఎనభై శాతం హాజరు లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు, యాభై శాతం మార్కులు లేకపోతే ఉత్తీర్ణులు కారు. అయితే ఇవన్నీ పరీక్ష గట్టెక్కించే సలహాలు. ఫార్మసీలో నెగ్గడమంటే అంతే కాదని నా అభిప్రాయం. నా దృష్టిలో ఈ చదువుకు గీటురాయి ఒక్కటే. చదివిన పాఠాన్ని, మందుల చీటీ పట్టుకొని ఎదుట నిలబడ్డ మనిషికి, ఆ మనిషి మాటల్లో చెప్పగలగాలి. మన ప్రాంతంలో ఆ మాటలు తెలుగు మాటలు. చెప్పలేకపోతే, ఎన్ని మార్కులు వచ్చినా ఆ పాఠం మనకు రానట్టే.

ఇది నాకు ఎలా తెలిసివచ్చిందో చెప్పుకోవడం అంత గౌరవంగా ఉండదు. అయినా చెబుతాను. మూడో సంవత్సరంలో ఉండగా సెలవులకు ఇంటికి వెళ్ళాను. పక్కింటి మామ్మగారు మాత్రల షీటు ఒకటి పట్టుకొని వచ్చారు. మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్, అందులోనూ నిదానంగా కరిగే రకం. "నాయనా, నువ్వు మందుల చదువే కదా చదువుతున్నావు. ఇదేమో ఇంత లావున ఉంది, గొంతు దిగడం లేదు. నూరుకొని నీళ్ళలో కలుపుకోవచ్చునా?" అని అడిగారు. "దానికేం మామ్మగారూ, కలుపుకోండి" అన్నాను.

అంతకు నెల్లాళ్ళ ముందే 'సస్టెయిన్డ్ రిలీజ్' మాత్రల మీద పది మార్కుల వ్యాసం రాసి ఎనిమిది తెచ్చుకున్నవాణ్ణి. మాత్రలోని మందు గంటల తరబడి కొద్దికొద్దిగా బయటకు రావడానికి ఏ పాలిమర్లు వాడతారో, దానికి లెక్క ఎలా కడతారో గడగడా అప్పగించగలను. నూరితే ఆ ఏర్పాటంతా చెడిపోయి, రోజంతటికీ ఉద్దేశించిన మందు ఒక్కసారిగా కడుపులో పడుతుందన్న సంగతి మాత్రం ఆ క్షణాన తట్టలేదు. నాలుగు రోజులు ఆవిడ కడుపులో తిప్పడంతో, విరేచనాలతో నీరసపడిపోయారు. చివరికి డాక్టరుగారు మాత్ర ఎలా వేసుకుంటున్నారని అడిగితే విషయం బయటపడింది. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. "చిన్నవాడు, తెలియక చెప్పాడు" అని వెనకేసుకొచ్చారు. నిజానికి తెలియక కాదు. నాకు తెలిసినది ఇంగ్లీషులో, జవాబుపత్రంలో పడుకొని ఉంది. ఆవిడ అడిగినది తెలుగులో, వంటింటి భాషలో ఉంది. ఆ రెండింటికీ మధ్య వంతెన ఎవరూ వేయలేదు. వేసుకోవాలని నాకూ తోచలేదు.

అందుకని కొత్త విద్యార్థికి నా మొదటి సలహా ఇది. ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. ఎడమ పేజీలో పాఠంలోని ఇంగ్లీషు మాట, కుడి పేజీలో రోగికి చెప్పవలసిన తెలుగు వాక్యం. 'సబ్‌లింగ్వల్' అని ఎడమవైపు రాస్తే, "నాలుక కింద పెట్టుకోండి, మింగకండి" అని కుడివైపు. 'ఎంటెరిక్ కోటెడ్' అని ఉంటే, "దీని పైపూత పొట్టలో కరగదు, పేగుల్లోకి వెళ్ళాక కరుగుతుంది, అందుకని నమలకండి, నూరకండి" అని. పరగడుపున, తిన్న తర్వాత, చప్పరించాలి, పుక్కిలించాలి, సీసా బాగా కుదిపి తాగాలి. ఇవన్నీ మన ఇళ్ళల్లో పుట్టి పెరిగిన మాటలే. తెలుగు మాధ్యమంలో చదువుకొని వచ్చి, మొదటి నెలలో ఇంగ్లీషుకు బెదిరిపోయే పిల్లలు ఏటా కనిపిస్తారు. వాళ్ళకు ఆ కుడి పేజీ ముందే వచ్చును. అది చిన్న పెట్టుబడి కాదు. ఎడమ పేజీ నాలుగేళ్ళలో ఎలాగూ వస్తుంది.

రెండోది లెక్కల సంగతి. ఎం.పి.సి. వారూ బై.పి.సి. వారూ ఇద్దరూ ఈ కోర్సులో చేరతారు కనుక, లెక్కలు చదవనివారికి లెక్కలూ, జీవశాస్త్రం చదవనివారికి జీవశాస్త్రమూ మొదటి సెమిస్టరులో విడిగా చెబుతారు. బై.పి.సి. నుంచి వచ్చినవారు లెక్కలంటే ముఖం చాటేస్తారు. ఇక్కడి లెక్కలు చిన్నవే, వాటి ఫలితాలే పెద్దవి. మిల్లీగ్రాముకీ మైక్రోగ్రాముకీ వెయ్యి రెట్లు తేడా. థైరాయిడుకు ఇచ్చే థైరాక్సిన్ మైక్రోగ్రాముల్లో ఉంటుంది. అర మిల్లీగ్రామును సున్న లేకుండా చుక్క పెట్టి 5 అని రాస్తే, ఆ చుక్క చెరిగిన రోజున అది పదింతలవుతుంది. కనుక ఎప్పుడూ 0.5 అనే రాయడం మొదటి రోజునుంచే చేతికి అలవాటు కావాలి. చెంచా అంటే 5 మిల్లీలీటర్లని పుస్తకంలో ఉంటుంది. మన వంటింట్లో చెంచాలన్నీ ఒక్క కొలత కావు. "ఇంట్లో చెంచాతో వద్దమ్మా, సీసాతో ఇచ్చిన మూతతోనే కొలిచి పట్టండి" అని పసిపిల్ల తల్లికి చెప్పగలిగితే ఆ కొలతల పాఠం వచ్చినట్టు.

మూడోది ల్యాబు. మొదటి సెమిస్టరులో అకర్బన రసాయనశాస్త్రం కింద 'లిమిట్ టెస్టులు' చేయిస్తారు. రెండు నెస్లర్ గొట్టాలు పక్కపక్కన పెట్టి, మన నమూనాలోని మసక, ప్రామాణిక ద్రావణంలోని మసక కన్నా ఎక్కువా తక్కువా అని చూడాలి. ఇంతకన్నా విసుగు పుట్టించే పని ఉండదని మా తరగతి మొత్తానికీ ఏకాభిప్రాయం. ఒకడు చేస్తే ముప్ఫైమంది రికార్డులో ఎక్కించేవాళ్ళం. ఆ మసక వెనక ఉన్న ప్రశ్నేమిటో ఎవరూ అడగలేదు. ఉండకూడనిది ఇందులో ఎంత ఉంది? ప్రశ్న అదే. 1937లో అమెరికాలో సల్ఫనిలమైడ్ మందును ద్రవంగా చేయడానికి డై ఇథిలీన్ గ్లైకాల్ వాడితే వందమందికి పైగా చనిపోయారు. 2022లో గాంబియాలో పదుల సంఖ్యలో పసిపిల్లలు మూత్రపిండాలు చెడి చనిపోయినప్పుడు, మన దేశంలో తయారైన సిరప్పుల్లో ఇటువంటి కల్మషమే ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో దగ్గుమందు తాగిన పిల్లలు చనిపోయినప్పుడూ బయటపడింది అదే పదార్థం. దాన్ని పట్టే పరీక్ష వేరు, సాధనాలు వేరు. ప్రశ్న మాత్రం నెస్లర్ గొట్టం దగ్గర నేర్పినదే. పక్కవాడి రీడింగు ఎక్కించడం అలవాటైన చేయి, రేపు ఉద్యోగంలో చేయని పరీక్షకు 'సరిపోయింది' అని సంతకం పెట్టదని ఎవరు చెప్పగలరు?

మందుల పేర్లు బట్టీ పట్టడం గురించి కూడా చెప్పాలి. వందల పేర్లు చూసి హడలిపోనక్కరలేదు. వ్యాకరణంలో ప్రత్యయాలు గుర్తుపట్టినట్టే ఇక్కడా పట్టవచ్చు. అటెనొలాల్, మెటొప్రొలాల్ ఒక కుటుంబం. లోసార్టాన్, టెల్మిసార్టాన్ ఒకటి. ఒమెప్రజోల్, పాంటొప్రజోల్ ఇంకొకటి. చివరి అక్షరాలు పట్టుకుంటే ఒక్కదాని గుణంతో పది తెలుస్తాయి. అయితే ప్రతి నియమానికీ వ్యాకరణంలో లాగే ఇక్కడా మినహాయింపులున్నాయి. అరిపిప్రజోల్ కూడా ప్రజోల్ అనే ముగుస్తుంది, కానీ అది కడుపులో ఆమ్లానికి కాదు, మానసిక వ్యాధికి. పేరు చూసి ఊహించిన తర్వాత పుస్తకం తెరిచి సరిచూసుకోవడం అందుకే.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమనుకునే ఉదాహరణ ఒకటి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు మనమంతా గర్వంగా చెప్పుకుంటాం. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల్లో ఆయన నడిపిన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. దానికి విరుద్ధంగా పనిచేసే అమినోప్టెరిన్, మెథొట్రెక్సేట్ అనే మందులనూ రూపొందించింది. పిల్లల రక్త క్యాన్సరుకు అమినోప్టెరిన్ తాత్కాలికంగానైనా గుణమిచ్చిందని సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించారు. సుబ్బారావు గారు చనిపోయిందీ ఆ ఏడాదే. ఆ మెథొట్రెక్సేటునే ఈనాడు కీళ్ళవాతానికి చిన్న మోతాదులో, వారానికి ఒక్కసారి మాత్రమే ఇస్తారు. దాని దుష్ఫలితాలు తగ్గడానికి తోడుగా ఫోలిక్ ఆమ్లం ఇస్తారు. వారానికొకసారి వేసుకోవలసిన మాత్రను పొరపాటున రోజూ వేసుకొని, నోరంతా పూసి, రక్తకణాలు పడిపోయి ప్రాణాలు పోగొట్టుకున్నవారు ప్రపంచమంతటా ఉన్నారు.

ఈ మందు మీద పరీక్షలో ప్రశ్న వస్తే డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైమును ఎలా అడ్డుకుంటుందో రాయాలి. తప్పకుండా రాయండి. కానీ ఆ ఎంజైము పేరు ఏ రోగినీ కాపాడదు. కాపాడే వాక్యం ఇది: "అమ్మా, ఈ మాత్ర వారంలో ఒక్క రోజే. ఏ రోజు వేసుకుంటారో చెప్పండి, షీటు మీద రాసిస్తాను. మిగతా ఆరు రోజులూ దీన్ని ముట్టుకోవద్దు." చీటీ రాసే డాక్టరుకు తీరిక ఉండకపోవచ్చు. ఇంటికి వెళ్ళాక చెప్పేవాళ్ళు ఉండరు. ఈ వాక్యం పలకడానికి ఆఖరి అవకాశం కౌంటరు వెనక నిలబడ్డవాడిదే. భీమవరం మనిషి కనిపెట్టిన మందు భీమవరంలోనే ఒక తెలుగు వాక్యం కరువై ప్రాణం తీస్తే, మన గర్వానికి అర్థం లేదు.

చివరి మాట చేదుగా ఉంటుంది. చదువు పూర్తయ్యాక కొందరు సర్టిఫికెట్టును మందుల షాపుకు నెలకింతని అద్దెకు ఇస్తారు. గోడమీద ఒకరి పేరు వేలాడుతుంటుంది, కౌంటరులో మందులిచ్చేది ఇంకొకరు. రిజిస్టరైన ఫార్మసిస్టే మందు ఇవ్వాలని 1948 నాటి ఫార్మసీ చట్టం చెబుతోంది. రోగికి మందు గురించి వివరించడం ఫార్మసిస్టు పని అని 2015 నాటి నియమాలు చెబుతున్నాయి. జీతాలు తక్కువన్నది నిజమే, కాదనను. కానీ సర్టిఫికెట్టు అద్దెకిచ్చినవాడు నిజానికి అద్దెకిచ్చింది ఆ వాక్యం పలకవలసిన చోటును. ఆ చోటు ఖాళీగా ఉందని రోగికి తెలియదు. మొదటి సంవత్సరంలోనే ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఆ అద్దె బేరానికి పునాది ఇక్కడే, పక్కవాడి రికార్డు ఎక్కించిన రోజునే పడుతుంది గనుక.

మిత్రుడి కూతురికి ఫోనులో చివరగా ఒక చిన్న పని చెప్పాను. "ఇవాళ రాత్రి ఇంట్లో మందుల డబ్బా తియ్యమ్మా. ఏదో ఒక షీటు పట్టుకొని, అది ఏమిటో, ఎప్పుడు, ఎలా వేసుకోవాలో మీ నానమ్మకు అర్థమయ్యేలా చెప్పు. ఆవిడ తిరిగి చెప్పగలిగితే నువ్వు పాసైనట్టు." మరునాడు అమ్మాయి ఫోను చేసింది. నానమ్మ వేసుకునే రక్తపోటు మాత్ర గురించి చెప్పబోయి, "ఒక పూట మానేస్తే ఏమవుతుందే?" అన్న ఎదురు ప్రశ్నకు జవాబు తెలియక ఆగిపోయిందట. "పుస్తకంలో ఎక్కడ ఉంటుంది అంకుల్?" అని అడిగింది.

చదువు మొదలైనట్టే అనిపించింది.

చదివినవారికి ఒక విన్నపం. మా వైపు మాత్ర అనీ బిళ్ళ అనీ అంటాం, తెలంగాణలో గోలీ అంటారు. మందు వేసుకోవడానికి సంబంధించి మీ ఊళ్ళలో వాడే మాటలేమైనా ఉంటే రాయండి. ఆ అమ్మాయి నోటుపుస్తకంలో కుడి పేజీలు ఇంకా చాలా ఖాళీగా ఉన్నాయి.