మోసపోయినోడిని చూసి నవ్వకండి, ముందు 1930కి ఫోన్ చేయించండి



"చదువుకుని కూడా ఓటీపీ చెప్పాడా? బుద్ధి ఉండక్కర్లా?" ఈ మాట మన హాస్టళ్లలో, మన గ్రూపుల్లో తరచుగా వినబడుతోంది. దొంగకి మనం చేస్తున్న పెద్ద సాయం ఈ మాటే అంటాను నేను.

ఎలాగో చూడండి. ఊరి నుంచి పట్నం వెళ్లి కొత్తగా ఉద్యోగంలో చేరిన అన్నకి మొదటి జీతంతో పాటే క్రెడిట్ కార్డు అంటగడతారు. బిల్లు పూర్తిగా కట్టలేకపోతే చాలా కార్డులకి నెలకి మూడున్నర శాతం దాకా వడ్డీ. ఏడాదికి లెక్కేస్తే 40 దాటిపోతుంది. ఆ బరువు మోస్తున్నోడికి "సార్, మీ కార్డు వడ్డీ సగానికి తగ్గిస్తున్నాం" అని ఫోన్ వస్తే ఆశ పుట్టదా? మన పేరు, బ్యాంకు పేరు వాళ్లే చెప్తారు. తర్వాత కార్డు నంబరు, వెనకున్న మూడంకెలు, చివరికి ఓటీపీ అడుగుతారు. ఓటీపీ మెసేజ్‌లో ఎంత సొమ్ము పోతుందో మామూలుగా రాసే ఉంటుంది, కానీ ఇంగ్లీషులో. ఇంట్లో కోయో కువియో, బడిలో తెలుగు, ఇంగ్లీషు ఆ తర్వాతే వచ్చిన మనకి, అవతల "తొందరగా చెప్పండి సార్" అని అరుస్తుంటే చదివి అర్థం చేసుకునే టైమ్ ఎక్కడిది?

మన తాతలు వేలిముద్ర వేసి భూములు పోగొట్టుకున్నారు. తప్పు వేలిముద్ర వేసినోళ్లదే అని మనం అన్నామా? 1/70 చట్టం కూడా అలా అనలేదు. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే అది గిరిజనుడి నుంచి వచ్చిందనే చట్టం మొదట అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది వాడే. భూమి దగ్గర ఉన్న ఈ న్యాయం ఫోన్ దగ్గర ఎందుకు మర్చిపోతున్నాం?

2017లో రిజర్వు బ్యాంకు పెట్టిన నియమం చూడండి. ఓటీపీ మనమే చెప్పేస్తే, బ్యాంకుకి తెలియజేసేదాకా పోయిందంతా మన నెత్తినే. తెలియజేసిన తర్వాత పోయేది బ్యాంకు భరించాలి. అంటే నవ్వుతారని భయపడి దాచుకున్న ప్రతి గంటా డబ్బే. ఆ గంటలు పోవడానికి కారణం మన వెటకారం.

అందుకే చెప్తున్నా. ఎవరైనా మోసపోతే వెంటనే బ్యాంకుకి చెప్పి కార్డు ఆపించండి, 1930కి ఫోన్ చేయించండి. ఆ తర్వాతే మిగతా మాటలు. బ్యాంకులకి 1600తో మొదలయ్యే నంబర్లు, ప్రచారానికి 140తో మొదలయ్యేవి కేటాయించారు. మామూలు పదంకెల సెల్ నంబర్ నుంచి వడ్డీ తగ్గిస్తామంటే పెట్టేయండి. ఏ నంబరైనా సరే, ఓటీపీ అడిగితే దొంగే.

బ్యాంకులని కూడా అడుగుదాం. కార్డు అమ్మడానికి మన దాకా రాగలిగినోళ్లు, జాగ్రత్తలు చెప్పడానికి సంత రోజున మన భాష తెలిసిన మనిషిని ఎందుకు పంపరు?

జై ఆదివాసీ.