ట్యూబ్ యాంప్‌కు హోరెందుకు?

గాజు ట్యూబులతో పనిచేసే గిటార్ యాంప్లిఫయర్‌ను, అంటే ట్యూబ్ యాంప్‌ను, గట్టిగా పెట్టి వాయిస్తేనే అసలు నాదం పలుకుతుందనీ, అపార్ట్‌మెంట్‌లో ఉండేవాడికి అది దండగనీ గిటార్ వాయించేవాళ్లలో ఒక నమ్మకం పాతుకుపోయింది. హైదరాబాద్‌లో వాయిద్యాల షాపుకు వెళ్తే కౌంటర్ దగ్గరి కుర్రాడూ అదే చెబుతాడు: “అన్నా, సగం దాకా తిప్పకపోతే దాంట్ల ఏం రాదు. ఫ్లాట్ల ఉంటే డిజిటల్‌ది తీస్కో, హెడ్‌ఫోన్స్ పెట్టుకో.” జీతంలోంచి కొంచెం కొంచెం దాచుకుని వచ్చిన మనిషి ఆ మాట విని వెనక్కి తిరుగుతాడు. ఆ మాట తప్పు. మంచి వాయిద్యాన్ని అది ఇళ్లలోకి రానివ్వడం లేదు కాబట్టి, తప్పని గట్టిగానే చెప్పాలి.

ఈ నమ్మకం గిటార్‌తో పుట్టింది కాదు. మాది మహబూబాబాద్ జిల్లా బయ్యారం. మా వైపు పెళ్లి బరాత్ గొప్పదనాన్ని ఇప్పుడు డీజే బాక్సులు లెక్కబెట్టి చెబుతారు. కిటికీ రెక్కలు అదరాలి, రోడ్డు మీద నిలబడ్డవాడి ఛాతీ అదరాలి, అప్పుడే పెళ్లి జరిగినట్టు. శబ్దం పెరిగితే సంబరం పెరుగుతుందనే ఈ లెక్కనే గిటార్ గదిలోకీ తెచ్చుకున్నాం. కానీ అదే బయ్యారంలో గిటార్ మీద ప్రేమ ఎలా పుట్టిందో గుర్తు చేసుకోండి. కొత్తగూడెం ఆకాశవాణిలో ఇళయరాజా పాట వస్తుంటే, అరచేతి వెడల్పు స్పీకరున్న ట్రాన్సిస్టర్‌లో, పక్కన వంట సాగుతుండగా విన్నాం. పల్లవికీ చరణానికీ మధ్య వచ్చే ఆ గిటార్ ముక్క కోసం చెవి ఒగ్గి కూర్చున్నాం. శబ్దం చాలలేదని ఆ రోజు ఎవరమూ అనుకోలేదు. మెల్లగా విని ప్రేమించిన నాదాన్ని మెల్లగా వాయిస్తే రాదని ఎలా నమ్ముతాం?

కొంచెం లెక్క చూద్దాం. మామూలు 12 అంగుళాల గిటార్ స్పీకర్‌కు ఒక్క వాట్ ఇస్తే చాలు, మీటరు దూరంలో దాదాపు 97 డెసిబెల్స్ శబ్దం వస్తుంది. పడగ్గదిలో అది భరించలేని మోత. ఇద్దరు కూర్చుని మాట్లాడుకునే స్థాయికి కాస్త పైన, 67 డెసిబెల్స్ దగ్గర వాయించాలంటే కావలసింది వాట్‌లో వెయ్యో వంతు. యాంప్ మీద 50 వాట్లని రాసి ఉన్నా 5 వాట్లని రాసి ఉన్నా, ఫ్లాట్‌లో మనం వాడుకునేది ఆ వెయ్యో వంతే. “చిన్నది కొనుక్కో, సగం దాకా తిప్పుకోవచ్చు” అనే సలహా కూడా ఇందుకే నిలబడదు. చెవికి శబ్దం సగానికి తగ్గినట్టు అనిపించాలంటే పవర్ సుమారు పదో వంతుకు పడిపోవాలి. 50 వాట్ల నుంచి 5 వాట్లకు దిగితే తగ్గేది సగమే. పక్క ఫ్లాట్ వాళ్లు అప్పుడూ తలుపు కొడతారు.

మెల్లగా వాయిస్తే పోయేవి ఉన్నాయి, ఒప్పుకుంటాను. పవర్ ట్యూబులు ఒత్తిడికి లోనైనప్పుడు స్వరం మెత్తగా అణిగే ఆ గుణం రాదు. స్పీకర్ కాగితం తన హద్దు దాటి కంపించినప్పుడు వచ్చే గరుకుదనం రాదు. స్పీకర్ శబ్దం తిరిగి తీగలను కదిలించి స్వరాన్ని ఆగకుండా నిలబెట్టే ఫీడ్‌బ్యాక్ రాదు. స్టేజీ మీద పుట్టిన ఆ మూడూ ఆ స్థాయిలోనే ఉంటాయి. ట్యూబ్ యాంప్ అంటే ఆ మూడే అన్నవాళ్లు మాత్రం ముందు వరుసలో ఉండే 12ఏఎక్స్7ను మరిచిపోతున్నారు. బొటనవేలంత గాజు ట్యూబు, అంటే వాల్వు, అది. గిటార్ నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ను మొదట పట్టుకుని పెంచేది అదే. మీటు పెరిగేకొద్దీ దాని స్పందన ఒక్కసారిగా విరగదు, మెల్లగా వంగుతుంది. గోటితో మీటితే ఒకలా, ప్లెక్ట్రమ్‌తో గట్టిగా కొడితే ఇంకొకలా పలకడానికి ఆ వంపే కారణం. మాస్టర్ వాల్యూమ్ ఉన్న యాంప్‌లో చివర గుబ్బ ఒకటి దగ్గరున్నా పది దగ్గరున్నా ఆ వాల్వుకు అందే సిగ్నల్ మారదు. మార్షల్ లాంటి కంపెనీలు 1970ల్లోనే ఆ గుబ్బ పెట్టాయి. అంటే చేతికి బదులిచ్చే గుణం గదిలోనే ఉంటుంది, గోడ దాటి పోయేది ఒట్టి మోత.

“మరి మెల్లగా పెడితే పేలవంగా ఎందుకు వినిపిస్తుంది?” అని అడుగుతారు. అది చాలావరకు చెవి లక్షణం. శబ్దం తగ్గేకొద్దీ మన చెవి మంద్రాన్నీ పై అంచునూ తక్కువగా పట్టుకుంటుందని హార్వే ఫ్లెచర్, వైల్డెన్ మన్సన్ 1933లోనే కొలిచి చూపారు. పెద్ద స్టేజీ యాంప్ నాదాన్ని అక్షరం పొల్లుపోకుండా తెచ్చి గదిలో మెల్లగా వినిపించినా పలుచగానే తోస్తుంది. కాబట్టి బేస్, ట్రెబుల్ గుబ్బలు కాస్త పెంచుకోవాలి, మిడ్ చూసుకుని సర్దాలి. యాంప్ మీద ఆ గుబ్బలు ఉన్నదే అందుకు. స్టేజీ మీద సరిపోయిన అమరికనే ఇంట్లోనూ ఉంచి, వాల్యూమ్ ఒక్కటే తగ్గించి, “చూశారా, టోన్ పోయింది” అనడం న్యాయం కాదు.

కరెంటు తోడైన తీగ వాయిద్యం ఎందుకుందో తెలుగువాళ్లకు ఇంకొకరు నేర్పనక్కరలేదు. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండొలిన్ విద్వాంసుడు ఉప్పలపు శ్రీనివాస్ 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో కచేరీ చేసేటప్పటికి ఇంకా బాలుడు. మామూలు మాండొలిన్‌కు జంట తీగలు. మీటిన స్వరం వెంటనే ఆరిపోతుంది. స్వరం నిలవకపోతే గమకం ఎక్కడ పలుకుతుంది? ఆయన ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టారు. సున్నితంగా ఒక్కసారి మీటి, ఎడమ చేతి వేలితో తీగను జరుపుతూ, ఆరిపోబోయే స్వరం చివరిదాకా రాగాన్ని నడిపారు. అక్కడ యాంప్లిఫయర్ చేసిన పని చిన్న కదలికను వినిపించడం. వీణకు కాంటాక్ట్ మైకు పెట్టుకునే వైణికులూ కోరుకునేది అదే. మన సంగీతం యాంప్‌ను ఇంత చక్కగా వాడుకున్నాక, అదే పెట్టెను హోరు కోసమే పుట్టించారని గిటార్ వాళ్లు చెబితే ఎలా ఒప్పుకోవాలి?

ఇంట్లో వాయించడానికి ఓపిక కావాలి. మే నెలలో ఫ్యాన్ ఐదు మీద తిరుగుతుంటే ఆ గాలి చప్పుడులోనే మీ సగం స్వరాలు మునిగిపోతాయి. వాల్యూమ్ పెంచే బదులు ఫ్యాన్‌ను రెండుకు తగ్గించి చూడండి. సింగిల్ కాయిల్ పికప్ ఉన్న గిటారైతే ఫ్యాన్ రెగ్యులేటర్, ఇన్వర్టర్ పక్కన గుయ్‌మంటుంది. మీరు కూర్చున్న దిక్కు కాస్త మార్చుకుంటే తగ్గుతుంది. యాంప్‌ను నేల మీద పెట్టకండి. 82 హెర్ట్‌జ్ దగ్గరుండే ఆరో తీగ మోత గాలి కంటే స్లాబ్ గుండానే కింది ఇంటికి దిగుతుంది. స్టూలు మీద నాలుగు మడతలేసిన బొంత పరిచి, దాని మీద యాంప్ పెట్టి, స్పీకర్‌ను చెవి వైపు తిప్పుకోండి. బాత్‌రూమ్ వెంటిలేటర్ మూయండి. చప్పుడు ఆ షాఫ్టులోంచే పై అంతస్తులకు ఎక్కుతుంది. చప్పుడు వద్దని స్పీకర్ వైరు పీకేసి మాత్రం ట్యూబ్ యాంప్ మోగించకండి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. ఎర్త్ లేని ప్లగ్గులో అసలు పెట్టకండి. లోపల వందల వోల్టులుంటాయి, ప్రాణం మీదికి వస్తుంది.

ఎలక్ట్రిక్ గిటార్ అంటేనే గోల అని తేల్చేసి, పెట్టె లిఫ్టులో కనబడగానే వాట్సాప్ గ్రూపులో రాసే అసోసియేషన్ పెద్దలకూ ఒక మాట. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు నివాస ప్రాంతానికి పగలు 55, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా 45 డెసిబెల్స్ హద్దు పెట్టాయి. ఏ వాయిద్యం అని అడగలేదు, ఎంత శబ్దమని అడిగాయి. నేను చెప్పిన స్థాయిలో తలుపేసుకుని సాయంత్రం వాయిస్తే, పక్కింటి చట్నీ మిక్సీ ముందు, కుక్కర్ విజిల్ ముందు ఆ గిటార్ వినబడదు. వినబడితే వాయించేవాడు తగ్గించాలి, అందులో వాదన లేదు.

హెడ్‌ఫోన్స్ వాడేవాళ్లతో నాకు తగవు లేదు. కానీ గదిలో గాలి కదిలి వచ్చే స్వరం, చెవికి గట్టిగా అదిమిన స్వరం ఒకటి కావు. ఇంట్లో పిల్ల వచ్చి పక్కన కూర్చుని వినడం హెడ్‌ఫోన్స్‌తో కుదరదు. ఇక పవర్‌ను వేడిగా మార్చి తగ్గించే అటెన్యుయేటర్ కొని, యాంప్‌ను పది మీదే ఉంచేవాళ్లు ట్యూబులను తొందరగా అరగదీసుకుంటున్నారు. ఇప్పుడు కొత్త ట్యూబులు ఎక్కువగా స్లొవేకియా, రష్యా, చైనాల నుంచే రావాలి, వాటి ధర చిన్నది కాదు.

షాపులవాళ్లను అడిగేది ఒకటే. గాజు తలుపుల గదిలో యాంప్‌ను హోరెత్తించి అమ్మడం మానండి. వాల్యూమ్ ఒకటి దగ్గర పెట్టి, గిటార్ కొనేవాడి చేతికిచ్చి, కాసేపు వదిలేయండి. కొనేవాడు గుబ్బను సున్నా నుంచి వెంట్రుకవాసి తిప్పి చూడాలి. శబ్దం మెట్టు మెట్టుగా పైకి వస్తే ఆ యాంప్ ఇంటికి పనికొస్తుంది. ఒక్క దూకుడులో మోతకు చేరితే, దాని మీద ఎంత పెద్ద పేరు రాసి ఉన్నా షాపులోనే వదిలేసి రావాలి.